ఆకలి బొగ్గు: క్వేకు పోసిన గిన్నె

"ఆ కుండని ఎవరైనా ముట్టుకున్నారో, చేతులు విరగ్గొడతా," అంది మాన్సా.

ముట్టుకోవడానికి వాకిట్లో ఉన్నది కోడలు ఆరబా ఒక్కతే.

వడపోత కుండ పక్కకు ఒరిగి పడుంది. దాని నోట్లోంచి నల్లటి బొగ్గు, తెల్లటి ఇసుక కలిసి జారి చిన్న దిబ్బ అయ్యాయి. ఒక కోడిపెట్ట ఆ దిబ్బను కెలికి చూసి, పనికొచ్చేదేమీ లేదని వెళ్ళిపోయింది. నిన్నటిదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కుండలోంచే నీళ్ళు ముంచి ఇచ్చి, "మా కోడలు చేసింది, తాగి చూడండి, వాననీళ్ళలా లేవూ?" అన్నది ఈ మాన్సాయే. ఈ ఉదయం దాన్ని కాలితో తన్నిందీ ఈ మాన్సాయే.

ఆరబా చేతిలో కాగితం ఉంది. కాలేజీలో తనకు పాఠం చెప్పిన మాస్టారు నీళ్ళు పరీక్ష చేయించి, తార్క్వా పట్నం నుంచి టాక్సీ డ్రైవరు చేత పంపిన కాగితం. రాత్రి నాలుగుసార్లు చదివింది. ఐదోసారి చదివితే అంకెలు మారతాయేమోనని మళ్ళీ మడత విప్పింది.

పాదరసం పదో వంతుకు దిగింది. అది బాగానే ఉంది. సీసం మాత్రం వాగునీళ్ళలో రెండు, వడపోసిన నీళ్ళలో పద్దెనిమిది.

తగ్గాల్సింది పెరిగింది. అంకెలు మారలేదు.

"చదువుకున్నదానివి. నాకర్థమయ్యేలా చెప్పు," అంది మాన్సా. "మనం తొమ్మిది రోజులుగా తాగింది మందా, విషమా?"

"నాకూ అర్థం కావడం లేదు అత్తమ్మా."

"నీకూ అర్థం కాక, నాకూ అర్థం కాక, మరి ఆ చదువు ఎవరికోసం చదివావు తల్లీ?"

ఆరబా కాగితాన్ని మళ్ళీ మడిచింది. పెళ్ళై నలభైమూడు రోజులైంది. ఈ నలభైమూడు రోజుల్లో అత్తగారు తనని 'టీచరమ్మా' అని వెక్కిరించింది, 'చేపలూరి పిల్లా' అంది, ఒకసారి ఎవరూ చూడకుండా కంచంలో పెద్ద చేపముక్క వేసింది. 'తల్లీ' అనడం ఇదే మొదలు. ఇంత భయంగా ఉంటుందనుకోలేదు.

క్వేకు స్నానం చేసి, మెడ చుట్టూ తువ్వాలుతో దొడ్లోంచి వచ్చాడు. తల్లిని చూశాడు, కుండను చూశాడు, భార్య చేతిలో కాగితం చూశాడు.

"పద్దెనిమిది అంటే మంచి మార్కులే కదా," అన్నాడు. "ఇరవైకి."

ఆరబాకు నవ్వొచ్చింది. ఏడుపొస్తున్న చోటే నవ్వు కూడా రావడం ఆమెకు ఈ ఇంటికొచ్చాక అలవాటైన సంగతి. పెదవి కొరుక్కుంది.

"నవ్వండి, నవ్వండి," అంది మాన్సా. "ఆ డ్రైవరు కాగితాన్ని దారంతా చదువుకుంటూ వచ్చాడు. అడ్డరోడ్డు దగ్గర అరటికాయలు కాల్చేదానికి కూడా వినిపించాడు. రాణమ్మకి రాత్రే తెలిసిపోయింది. పొద్దెక్కేలోగా కబురొస్తుంది, చూస్తూ ఉండు."

ఆ మాటతో నవ్వు ఎటు పోయిందో పోయింది.

రాణమ్మ అంటే ఊరికి తల్లి, తీర్పు చెప్పే పెద్ద. ఆమె అరుగు మీద ఆరబా చేసిన ఆరు వడపోత కుండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సోమవారం నుంచి పసిపిల్లల బడిలో ముప్ఫైమంది ఆ కుండల్లోని నీళ్ళే తాగుతారని ఆమె మాటిచ్చింది. ఆ మాట ఆమె నోటివెంట రావడానికి ఆరబా మూడుసార్లు వెళ్ళి కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు తప్పెక్కడ జరిగిందో చెప్పలేకపోతే ఆ ఆరు కుండలూ పగులుతాయి. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తరు. పైన బంగారం తవ్వేవాళ్ళు పాదరసం కలిపి వదిలిన, పాలు పోసిన టీలా ఉండే వాగునీళ్ళే పిల్లలు తాగుతారు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పు," అన్నాడు క్వేకు, మెట్టు మీద కూర్చుంటూ. "ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు చెప్పు."

"నీకేమైనా తెలుసా ఏంటి?"

"అందుకే కదా. చెప్పు."

ఆరబా అతని పక్కన కూర్చుని వేళ్ళు మడుస్తూ చెప్పింది. "అత్తమ్మ పామాయిల్ గింజలు కొట్టాక పెంకులు మిగులుతాయి. కోకో తొక్కలు కాల్చిన బూడిద నానబెట్టి తేట తీస్తాం, అత్తమ్మ సబ్బుకి తీసినట్టే. ఆ తేటలో పెంకుల్ని ఉడికిస్తాం. ఎండబెడతాం. డ్రమ్ములో పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, లోపలికి గాలి పోకుండా కాలుస్తాం. బొగ్గవుతుంది. కడుగుతాం. తేట పట్టిన పెంకు కాబట్టి ఆ బొగ్గు నిండా కంటికి కనపడని కన్నాలుంటాయి. నీళ్ళలో ఉన్న పాదరసాన్నీ సీసాన్నీ అవి లాక్కుని పట్టుకుంటాయి."

కాలేజీలో దాన్ని ఉత్తేజిత బొగ్గు అనేవాళ్ళు. ఇంట్లో దాని పేరు ఆకలి బొగ్గు. ఆ పేరు పెట్టింది మాన్సాయే. "ఎంత తిన్నా ఇంకా పెట్టమంటుంది, మా మరిదిలాగ," అని.

"మొదటి వాయి బొగ్గుతో వడపోసిన నీళ్ళు పంపితే సీసం లేనే లేదన్నారు," అంది ఆరబా. "ఇది రెండో వాయి. మన కుండలోదీ, రాణమ్మ దగ్గరున్న ఆరింటిలోదీ ఇదే. అవే పెంకులు, అదే బూడిద, అదే డ్రమ్ము. నేను ఏదీ మార్చలేదు."

"రోజు మార్చావు," అంది మాన్సా.

"ఏ రోజు?"

"పరీక్షకి పంపిన నీళ్ళు ఏ రోజు ముంచావు?"

ఆరబా ఆలోచించింది. "గురువారం."

మాన్సా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "విన్నావా? గురువారం వాగు దగ్గరికి ఈ ఊళ్ళో కుక్క కూడా పోదు. వాగు పడుకునే రోజది. నా కోడలు పోయి దాన్ని డబ్బాతో తట్టి లేపింది."

"మాకు మంగళవారం కదా అత్తమ్మా. మంగళవారం సముద్రం జోలికి ఎవరూ పోరు. అందుకే నేను మంగళవారం పోకుండా ఆగి, గురువారం వెళ్ళాను. మీ వాగుకి గురువారమని నాకెవరూ చెప్పలేదు."

"అడిగావా?"

"నీళ్ళకి సెలవంటే అంతటా మంగళవారమే అనుకున్నాను."

"సముద్రానికీ వాగుకీ ఒకటే సెలవు పెట్టడానికి అవేమన్నా ఒకే బళ్ళో చదువుతున్నాయా?"

క్వేకు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తల్లి చూపు తగిలాక కదలడం మానేశాయి.

"అమ్మా," అన్నాడు. "రోజులు వాగుకి తెలుస్తాయేమో. సీసానికి ఎలా తెలుస్తాయి?"

"తెలిసినట్టే ఉంది కదరా. పద్దెనిమిది."

పొయ్యి మీద పులిసిన మొక్కజొన్న జావ గుబగుబమంటోంది. మాన్సా వెళ్ళి తెడ్డుతో నాలుగు తిప్పులు తిప్పి వచ్చింది.

గురువారం సంగతి ఆరబా నమ్మలేదు. నమ్మడం లేదని గట్టిగా అనుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. మొదటి వాయి నీళ్ళు ముంచింది శనివారం. సీసం లేదు. రెండో వాయి నీళ్ళు గురువారం. సీసం ఉంది. కాలేజీలో ఎవరైనా ఈ రెండు వరసలూ బల్ల మీద పెడితే తను మాత్రం ఏమనేది? మరి వాగునీళ్ళు కూడా ఆ గురువారమే ముంచింది, వాటిలో రెండే ఉంది. అలా అనుకోగానే ధైర్యం వచ్చేది. మరి వడపోసిన వాటిలో పద్దెనిమిది ఎక్కడిది అనుకోగానే పోయేది.

"ఆగు," అంది మాన్సా హఠాత్తుగా. గొంతు మారింది. సబ్బు బేరం చేసేటప్పటి గొంతది, కోపం ఉండదు, లెక్క ఉంటుంది. "రెండో వాయి పెంకులు ఉడికించిన వారం నా ఇనప బాన ఖాళీ లేదు. సబ్బు ఉంది అందులో."

"అవును. మీరే వద్దన్నారు."

"మరి దేంట్లో ఉడికించావు?"

ఆరబా మొహం వెలిగింది. ఆ ఉదయం అంతటిలో సంతోషంగా చెప్పగలిగిన జవాబు అదొక్కటే. "నా గిన్నెలో," అని లోపలికి పరుగెత్తింది.

ఆ గిన్నె మంచం పక్కన, మడతపెట్టిన పెళ్ళిబట్టల మీద ఉంటుంది. క్వేకు వృత్తి గిన్నెలు పోయడం. పాత సత్తు కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, ఊరికి కావలసిన గిన్నెలన్నీ అతనే చేస్తాడు. పెళ్ళికి వారం ముందు ఈ గిన్నె పోశాడు. అంచు కింద ఆరబా పేరు అక్షరాలతో సహా పోతలోనే వచ్చింది. ఆఖరి అక్షరం కాస్త పక్కకు వాలింది, నిద్రొచ్చినట్టు. ఆ వాలిన అక్షరాన్ని ఆరబా రోజూ ఒకసారి వేలితో తడిమేది. అన్నిటికంటే మంచి పనికి అన్నిటికంటే మంచి గిన్నె కావాలనుకుంది. తేట మరిగేటప్పుడు గిన్నె అడుగు నుంచి అంచుదాకా సన్నటి నురగ బుసబుసమని పొంగింది. "నీ గిన్నె పాడుతోంది, విను," అని ఆ రోజు క్వేకును పిలిచి మరీ వినిపించింది. అతను ఆమె భుజం మీద గడ్డం ఆనించి చాలాసేపు విన్నాడు.

గిన్నె తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. "చూడండి, కడగకుండానే ఎలా మెరుస్తోందో. కొత్తదానికంటే కొత్తగా అయింది."

మాన్సా లోపల చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళతో గోడ చుట్టూ నిదానంగా తడిమింది. ఒకచోట గోరు ఆగింది. మరోచోట ఆగింది. గిన్నెను ఎత్తి వెలుతురుకు పట్టింది. లోపలంతా అమ్మవారు పోసిన మొహంలా సన్నటి గుంటలు.

"బూడిద తేట సత్తుగిన్నెలో పోశావా?" అంది మెల్లగా.

"పోస్తే?"

"నేను ఇనప బాన పట్టుకుని ఎందుకు వేళ్ళాడతాననుకున్నావు? ఇంట్లో నా కొడుకు పోసిన గిన్నెలు పది ఉంటే? తేట సత్తుని తినేస్తుంది అమ్మాయీ. మా అమ్మ నాకు నడక రాకముందు చెప్పిన ముక్క ఇది."

ఆరబా అక్కడే నేల మీద కూర్చుంది.

చదివిన సంగతే. పరీక్షలో రాసిన సంగతే. కానీ పరీక్షలో అడిగిన లోహం మీద తన పేరు లేదు.

"తేట గిన్నెని తింది," అంది ఎవరితోనో చెప్పినట్టు. "గిన్నెలో ఉన్నది తేటలోకి వచ్చింది. తేటలోంచి పెంకులకి పట్టింది. పెంకులు బొగ్గయ్యాయి. బొగ్గులోంచి మన నీళ్ళలోకి." తలెత్తి భర్తను చూసింది. "క్వేకు, నీ గిన్నెలో సీసం ఉందా?"

"నా గిన్నెలో సీసం ఎందుకుంటుంది? నేను కరిగించేది సత్తు."

"ఏ సత్తు?"

"ఏదొస్తే అది. పాత ఇంజన్లు. కిటికీ చట్రాలు. లారీ..." ఆగాడు.

"లారీ?"

"లారీ రేడియేటర్లు." ఇప్పుడు అతని గొంతులో ఆట లేదు. "సీసం పోసిన అతుకులతో సహా వేస్తాను. ఆ అతుకులన్నీ ఊడబీకాలంటే రోజంతా పడుతుంది ఆరబా. అవి కలిస్తే పోత నున్నగా పారుతుంది కూడా. మా గురువు అలాగే వేసేవాడు. అందరూ అలాగే వేస్తారు." తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "నీ గిన్నెకి రెండు అతుకులు ఎక్కువ వేశాను. పేరు స్పష్టంగా రావాలని."

వాలిన అక్షరం మీద ఎండ పడుతోంది. ఆరబాకు దాన్ని చూడాలనీ లేదు, చూపు తిప్పుకోవాలనీ లేదు.

ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది కూడా. తప్పు బొగ్గుది కాదు. ఇనప బానలో ఉడికించి కొత్త బొగ్గు చేస్తే ఆరు కుండలూ బాగుపడతాయి. ఈ మాట రాణమ్మకు చెబితే చాలు. ఆ మాట రాణమ్మకు ఎలా చెప్పాలో తలుచుకోగానే లేచిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

మాన్సా పొయ్యి వైపు చూస్తోంది. జావ ఉడుకుతున్నదీ క్వేకు పోసిన గిన్నెలోనే. పక్కింట్లో ఉడుకుతున్నదీ, ఆ పక్కింట్లో ఉడుకుతున్నదీ అతని గిన్నెల్లోనే.

"తేట తింటే," అంది మాన్సా, "పులుపు తినదా?"

"తెలీదు అత్తమ్మా."

"తెలీదంటే?"

"తేటంత తినదు. కొంచెం తింటుందేమో. పరీక్ష చేయిస్తేగానీ తెలీదు."

మాన్సా లేచి వెళ్ళి గిన్నెను పొయ్యి మీంచి దింపింది. పారబొయ్యలేదు. మూత పెట్టలేదు. తెడ్డు చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది. అరవై ఏళ్ళ ఆ మనిషి తన వంటింట్లో దారి తప్పినట్టు నిలబడటం ఆరబా మొదటిసారి చూసింది. తిట్టినా బాగుండేది.

"ఇంట్లో ఎవరమ్మా?" దడి అవతల నుంచి గొంతు వినిపించింది. రాణమ్మ దగ్గర పనులు చూసే ఎకువా ముసలమ్మ. "రాణమ్మ తీర్పుకి కూర్చుంది. కోడల్ని రమ్మంది. కాగితం కూడా తెమ్మంది. జావ వాసన బాగుందే మాన్సా, తినే వేళకే వచ్చానా ఏంటి?"

"మాడింది," అంది మాన్సా. "వస్తోందని చెప్పు."

"చెప్పడానికి వెళ్ళి మళ్ళీ రాలేను, మోకాళ్ళు. ఇక్కడే నిలబడతా."

మాన్సా వంటింటి మూల బుట్టలోంచి రెండు గుడ్లు తీసింది. ఆరబా దగ్గరికొచ్చి, చెయ్యి పట్టి, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"గురువారం వాగుకి వెళ్ళానని ఒప్పుకో," అంది గొంతు తగ్గించి. "రాణమ్మ ముందు గుడ్లు పెట్టి తప్పయిందను. సారాబుడ్డి నేను తెస్తాను. శాంతికని వాగుకి పోస్తారు. అయిపోతుంది. గిన్నెల మాట ఎవరూ అడగరు."

"అత్తమ్మా..."

"అబద్ధం ఆడమన్నానా? గురువారం వెళ్ళావా లేదా?"

"వెళ్ళాను."

"మరి అదే చెప్పు. నిజమే చెప్పు."

"కుండలు పగలగొడతారు కదా. పిల్లలు మళ్ళీ ఆ నీళ్ళే తాగుతారు."

"కుండలు మళ్ళీ చేసుకోవచ్చు. కొలిమి ఆరిపోతే నా కొడుకు ఏం చేసుకుంటాడు? ఊళ్ళో ప్రతి ఆడదీ గిన్నె తెచ్చి ఈ వాకిట్లో పారేస్తే ఏం చేసుకుంటావు?"

ఆరబా క్వేకు వైపు చూసింది. అతను ఏదైనా అనాలి. ఒక వెర్రి మాటైనా సరే, ఇరవైకి పద్దెనిమిది లాంటిదైనా సరే. అతను గిన్నె ముందు గొంతుక్కూర్చుని, లోపలి గుంటల మీద బొటనవేలు రాస్తున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేనట్టు రాస్తున్నాడు.

"వెళ్దామా?" అంది ఎకువా దడి అవతల.

ఆరబా కాగితం రొండిన దోపుకుని, గుడ్లు పట్టుకుని బయటికి నడిచింది. ముసలమ్మ ముందు, తను వెనక. దారి పొడుగునా ఇళ్ళ ముందు పొయ్యిలు వెలుగుతున్నాయి. ప్రతి పొయ్యి మీదా ఆ బూడిదరంగు మెరుపే. నిన్నటిదాకా ఆ మెరుపు కనిపించినప్పుడల్లా 'ఇది మా ఆయనది, ఇదీ మా ఆయనదే' అని లెక్కపెట్టుకుంటూ నడిచేది. ఇవాళ లెక్క దానంతటదే సాగుతోంది, ఆపుదామంటే ఆగడం లేదు. ఒక ఇంటి దగ్గర ఒకామె, "చేపలూరి కోడలా, ఏం చెప్పబోతున్నావే?" అని అరిచింది. ఆరబా చెయ్యెత్తబోయి, చేతిలో గుడ్లు గుర్తొచ్చి దించేసింది.

వెనక అడుగుల చప్పుడైంది.

క్వేకు. చొక్కా లేదు, తువ్వాలు మాత్రం ఉంది. గిన్నెను రెండు చేతుల్లో పట్టుకుని వస్తున్నాడు, పొయ్యి మీంచి అప్పుడే దింపినట్టు.

"గిన్నె దేనికిరా అబ్బాయ్?" అంది ఎకువా. "రాణమ్మ వంట చెయ్యమనలేదే."

అతను ఆరబా పక్కకొచ్చి, ఆమె నడిచినట్టే నడిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

కోకో ఆరబెట్టే తడికల దగ్గర దారి చీలుతుంది. కుడివైపు రాణమ్మ ఇల్లు, అరుగు మీద ఆరు కుండలు. ఎడమవైపు క్వేకు కొలిమి. తెల్లవారుజామున అంటించిన నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది, ఇక్కణ్ణుంచే సెగ తెలుస్తోంది. ఒక గిన్నె కరగడానికి అందులో ఎక్కువసేపు పట్టదు. కరిగాక అందులో ఏ అక్షరం ఉండేదో, ఏ గుంట ఉండేదో ఎవరికీ తెలీదు.

ఎకువా కుడివైపు తిరిగి నడిచిపోతోంది.

క్వేకు చీలిక దగ్గర ఆగిపోయాడు. గిన్నెను ఛాతీకి ఆనించుకున్నాడు. వాలిన అక్షరం అతని చేతి కిందినుంచి సగం కనబడుతోంది.

"నువ్వేం చెప్పబోతున్నావు?" అన్నాడు.

"నువ్వు ఎటు వెళ్తున్నావు?" అంది ఆరబా.

ఇద్దరూ అడిగారు. ఇద్దరూ ఆగారు. ఆమె గుప్పిట్లో గుడ్లు అప్పుడే పెట్టినట్టు వెచ్చబడ్డాయి.